ఒరాకిల్ ఫ్యూజన్ బావిలోంచి డేటా తోడటానికి ఏ చేద మంచిది?

ఈబీఎస్ (ఒరాకిల్ పాత ఈ-బిజినెస్ సూట్) కాలంలో ఈ ప్రశ్నే ఉండేది కాదు. డేటాబేస్ యూజరు, పాస్‌వర్డ్ చేతికొస్తే టోడ్ (డేటాబేస్‌లోకి చూసే సాఫ్ట్‌వేర్) తెరిచి సెలెక్ట్ క్వెరీ కొట్టేవాళ్లు, పని అయిపోయేది. అమీర్‌పేటలో ఒరాకిల్ యాప్స్ నేర్చుకున్న ఒక తరం మొత్తానికి ఆ అలవాటే ఉంది. ఒరాకిల్ తన క్లౌడ్‌లో నడిపే వ్యాపార సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్‌లో ఆ తలుపు అసలు లేదు. డేటాబేస్ ఒరాకిల్ నిర్వహణలో ఉంటుంది, జేడీబీసీతో (ప్రోగ్రాముని డేటాబేస్‌కి కలిపే పద్ధతి) నేరుగా కలిసే వీలు కస్టమర్‌కు ఇవ్వరు. వాళ్లు పెట్టిన కిటికీలు మాత్రం ఉన్నాయి: ఓటీబీఐ (కాలమ్‌లు లాగి వదిలే రిపోర్టులు), బీఐ పబ్లిషర్ (క్వెరీ రాసి తీసే రిపోర్టులు), రెస్ట్ ఏపీఐలు (వేరే ప్రోగ్రాములు పిలిచి డేటా అడిగే దారి), బీఐసీసీ (డేటాని గుత్తగా ఫైళ్లలోకి దించేది), హెచ్‌ఆర్ వైపు హెచ్‌సీఎం ఎక్స్‌ట్రాక్ట్స్. అన్నిటిలోంచీ డేటా వస్తుంది. ఏ కిటికీలోంచి ఎంత లాగొచ్చన్న దగ్గరే ప్రాజెక్టులు బోల్తా పడుతున్నాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. లక్షల వరుసలు రోజూ డేటా వేర్‌హౌస్‌కి (విశ్లేషణ కోసం డేటా పోగుచేసే చోటు) వెళ్లాలంటే బీఐసీసీ ఒక్కటే దారి. బీఐ పబ్లిషర్‌ని ఆ పనికి వాడొద్దు. దానికి ఇంకో మంచి ఉద్యోగం ఉంది, చివర్లో చెప్తాం. రెస్ట్ ఏపీఐ ఒక్క రికార్డు అప్పటికప్పుడు కావాల్సినప్పుడు. ఓటీబీఐ అకౌంట్స్ విభాగంలో కూర్చున్న మనిషి కోసం.

బీఐ పబ్లిషర్: అందరూ ముందు తొక్కే దారి

ఎందుకు తొక్కుతారంటే ఇందులో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) రాయొచ్చు. డేటా మోడల్ తెరిచి, డేటా సోర్స్‌గా అప్లికేషన్‌డీబీ ఎఫ్‌ఎస్‌సీఎం ఎంచుకుని, సప్లయర్ ఇన్‌వాయిస్‌లుండే ఏపీ ఇన్‌వాయిసెస్ ఆల్ టేబుల్ మీద పాత క్వెరీనే కాస్త మార్చి అతికిస్తే సాయంత్రానికి రిపోర్టు సిద్ధం. దాన్ని సోప్ అనే వెబ్ సర్వీసుతో బయటినుంచి పిలిచి, బేస్64లో (ఫైలుని అక్షరాలుగా మార్చే కోడింగ్) వచ్చిన జవాబుని విప్పుకుంటే ఇంటిగ్రేషన్ కూడా అయిపోయినట్టే. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో 20 వేల వరుసలతో చక్కగా నడుస్తుంది. ప్రొడక్షన్‌లో రెండో ఏడాది డేటా పేరుకున్నాక మొదలవుతుంది అసలు తంతు.

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. పబ్లిషర్ పుట్టింది ఇన్‌వాయిస్ కాగితం, చెక్కు, పే స్లిప్పు లాంటి పత్రాలు అచ్చువేయడానికి. క్వెరీ ఫలితాన్ని ముందు ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి, ఆ తర్వాతే టెంప్లేట్‌లో పోస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి విలువకీ ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు. ‘వెండర్ సైట్ కోడ్’ అనే పేరు లక్ష వరుసలకి రెండు లక్షలసార్లు రాసుకుంటుంది. 40 కాలమ్‌ల రిపోర్టు అయితే అసలు డేటా కంటే ట్యాగుల బరువే ఎక్కువ. అందుకే మెమరీ గార్డ్ అని ఒక కాపలా పెట్టారు. డేటా పరిమాణం హద్దు దాటితే రిపోర్టుని మధ్యలో నరికేస్తుంది. క్వెరీ నడవడానికీ గడువుంది, అది తీరితే టైమౌట్. క్లౌడ్‌లో ఈ హద్దుల్ని కస్టమర్ తన ఇష్టం వచ్చినట్టు పెంచుకోలేడు.

అప్పుడు జనం చేసే పని ముక్కలు చేయడం. లెడ్జర్‌కో ముక్క, నెలకో ముక్క. కొన్నాళ్లు బండి నడుస్తుంది. మార్చి నెలాఖరుకి మాత్రం ఒక్క నెల ముక్కే హద్దు దాటుతుంది. ఎస్‌క్యూఎల్ డెవలపర్ లాంటి తెర చూపించి లోపల ఇదే పబ్లిషర్‌ని నడిపే ఉపకరణాలు కూడా మార్కెట్లో దొరుకుతాయి. ఏదో ఒక టేబుల్‌లో ఏముందో తొంగి చూడటానికి అవి హాయిగా ఉంటాయి. వాటితో రోజూ రాత్రి లోడు నడపాలనుకుంటే పై జబ్బులన్నీ వాటికీ ఉన్నాయని గుర్తుంచుకోండి.

పబ్లిషర్ క్వెరీల్లో తరచూ కనబడే పొరపాట్లు మూడు. ల్యాస్ట్ అప్‌డేట్ డేట్ కాలమ్‌కి ట్రంక్ (తేదీలోంచి సమయాన్ని కోసేసే ఫంక్షన్) తొడగడం మొదటిది. దాంతో ఆ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ పనికిరాకుండా పోయి టేబుల్ మొత్తం చదవాల్సి వస్తుంది. కాలమ్‌ని ఉన్నదున్నట్టు వదిలేసి, షరతుని ‘ఫలానా సమయం నుంచి ఫలానా సమయం లోపు’ అని రాయండి. రెండోది, టీఎల్‌తో ముగిసే అనువాద టేబుల్‌ని కలిపినప్పుడు భాష షరతు మర్చిపోవడం. సిస్టమ్‌లో ఇంగ్లిష్, ఫ్రెంచ్, అరబిక్ మూడూ ఎక్కించి ఉంటే ప్రతి వరుసా మూడుసార్లు వస్తుంది. మొత్తం సరిగ్గా మూడు రెట్లు కనిపిస్తే వెతకాల్సిన చోటు ఇదే. మూడోది ప్రమాదకరం: నేరుగా టేబుల్ మీద రాసిన క్వెరీకి ఫ్యూజన్ డేటా సెక్యూరిటీ వర్తించదు. ఒక బిజినెస్ యూనిట్ మనిషి రిపోర్టు నడిపితే అన్ని యూనిట్ల ఇన్‌వాయిస్‌లూ కనబడతాయి. జీతాల డేటా అయితే కొంప మునిగినట్టే. సెక్యూర్డ్ లిస్ట్ వ్యూలు (చూసేవాళ్ల అనుమతుల మేరకే వరుసలిచ్చేవి) ఉన్న చోట వాటిని కలిపి రాయాలి, రిపోర్టు ఫోల్డర్‌కి అనుమతులు బిగించాలి.

ఇంకో చిన్న మాట. డేటా మోడల్‌లో ఖాళీ విలువలకు కూడా ట్యాగు పెట్టమనే టిక్ ఒకటుంది. అది పెట్టకపోతే నల్ ఉన్న కాలమ్ ఎక్స్‌ఎంఎల్‌లో అసలు కనబడదు. మొదటి వరుసను చూసి కాలమ్‌లు నిర్ణయించుకునే ప్రోగ్రామ్ అవతల ఉంటే ఆ రోజు లోడు తలకిందులవుతుంది.

ఓటీబీఐ

సబ్జెక్ట్ ఏరియా ఎంచుకుని కాలమ్‌లు లాగి వదిలితే రిపోర్టు. ‘పేయబుల్స్ ఇన్‌వాయిసెస్ - ట్రాన్సాక్షన్స్ రియల్ టైమ్’ లాంటివి తయారుగా ఉంటాయి, ఎస్‌క్యూఎల్ అక్కర్లేదు. ఈ రోజు హోల్డ్‌లో ఉన్న ఇన్‌వాయిస్‌లెన్ని అన్న ప్రశ్నకి ఇంతకంటే సులువైన దారి లేదు. డేటా సెక్యూరిటీ దానంతటదే వర్తిస్తుంది కాబట్టి ఒకే రిపోర్టు ఇద్దరు నడిపితే రెండు మొత్తాలు రావచ్చు. అది బగ్ కాదు, వాళ్ల రోల్స్ వేరు.

ఎక్స్‌ట్రాక్షన్‌కి మాత్రం ఇది పనికిరాదు. ఎక్స్‌పోర్ట్‌కి వరుసల హద్దు ఉంది. పైగా కొత్త డైమెన్షన్‌లోంచి (సప్లయర్, కాలం లాంటి వర్గం) ఒక కాలమ్ చేర్చగానే వెనక జాయిన్‌లు, అంటే టేబుళ్లని కలిపే తీరు, మారతాయి, కొన్ని వరుసలు చప్పుడు కాకుండా మాయమవుతాయి. ఇక్కడినుంచి ఎక్సెల్‌కి దించేవాళ్లకి పాత బాధ ఒకటి తప్పదు. సీఎస్‌వీని నేరుగా డబుల్ క్లిక్ చేస్తే బ్యాంకు ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే పట్టుకుంటుంది కనుక 16 అంకెల ఖాతాలో చివరి అంకె సున్నా అవుతుంది. డేటా ట్యాబ్‌లోంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోవాలి.

రెస్ట్ ఏపీఐ

సప్లయర్ పోర్టల్‌లో ఒక ఇన్‌వాయిస్ స్థితి చూపించాలి, లేదా ఆర్డర్ పడగానే వేరే సిస్టమ్‌కి చెప్పాలి. ఇలాంటి పనికి రెస్ట్ భేషుగ్గా ఉంటుంది. సెక్యూరిటీ పక్కాగా ఉంటుంది, బిజినెస్ ఆబ్జెక్టు ఆకారంలో వస్తుంది, రాయడానికీ పనికొస్తుంది.

గుత్తగా లాగడానికి దిగితే లెక్క ఇలా ఉంటుంది. లిమిట్ చెప్పకపోతే పేజీకి 25 వరుసలే వస్తాయి. అడిగితే 500 వరకు ఇస్తుంది. పది లక్షల వరుసలంటే 2,000 పిలుపులు. పిలుపుకి రెండు సెకన్లు వేసుకున్నా గంట దాటుతుంది. అదీ హెడర్‌కే. ఇన్‌వాయిస్ లైన్లు, వాటి కింద డిస్ట్రిబ్యూషన్లు చైల్డ్ రిసోర్సులు (విడిగా అడగాల్సిన ఉప భాగాలు) కాబట్టి ఇన్‌వాయిస్‌కో పిలుపు చొప్పున వెళ్తే చెంబుతో చెరువు తోడినట్టే. ఎక్స్‌పాండ్ (ఉప భాగాలనీ కలిపి ఇమ్మనే మాట) వాడితే పిలుపులు తగ్గుతాయి కానీ ఒక్కో జవాబు బరువెక్కుతుంది.

తప్పనిసరై వాడేవాళ్లు మూడు పనులు చేయాలి. ఓన్లీడేటా ట్రూ పెడితే ప్రతి వరుస వెంటా వచ్చే లింకుల చెత్త ఆగుతుంది. ఫీల్డ్స్‌లో కావలసిన కాలమ్‌లే అడగాలి. అన్నిటికంటే ముఖ్యం ఆర్డర్‌బై, అంటే వరుసల్ని ఒక క్రమంలో ఇమ్మనడం. అది లేకుండా ఆఫ్‌సెట్ (ఎన్ని వరుసలు దాటి మొదలుపెట్టాలో చెప్పే అంకె) పెంచుకుంటూ పోతే, మధ్యలో ఎవరో కొత్త ఇన్‌వాయిస్ ఎక్కించినప్పుడు పేజీల హద్దు జరిగి ఒక వరుస రెండుసార్లు రావడం, ఇంకొకటి అసలు రాకపోవడం జరుగుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. నెలాఖరు టోటల్ తేడా వచ్చినప్పుడే తెలుస్తుంది. మారని కీ మీద, అంటే ఇన్‌వాయిస్ ఐడీ లాంటి దాని మీద, క్రమం పెట్టించాలి.

బీఐసీసీ: అసలు చేద

బీఐ క్లౌడ్ కనెక్టర్ అన్నది దీని పూర్తి పేరు. తెర చూస్తే పదేళ్ల కిందటిదిలా ఉంటుంది, అందుకే చాలామంది ఒకసారి తెరిచి మూసేస్తారు. పని మాత్రం గట్టిది. ఇందులో టేబుళ్లు కనబడవు, పీవీఓలు కనబడతాయి. పబ్లిక్ వ్యూ ఆబ్జెక్ట్ అంటే టేబుళ్ల మీద ఒరాకిల్ కట్టిన వ్యూ, అంటే ముందే రాసిపెట్టిన క్వెరీ లాంటిది. కావలసినవి ఎంచుకుని జాబ్ పెడితే, అది వాటిని సీఎస్‌వీలుగా రాసి, జిప్ చేసి, యూసీఎంలో (ఫ్యూజన్ సొంత ఫైళ్ల గోదాం) గానీ ఓసీఐ (ఒరాకిల్ క్లౌడ్) ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో గానీ పడేస్తుంది. ఒరాకిల్ తన ఫ్యూజన్ డేటా ఇంటెలిజెన్స్ అనే విశ్లేషణ సేవకి డేటా తెచ్చుకునేదీ పీవీఓల దారినే.

అనుమతులతో మొదలుపెట్టండి. బీఐఏ అడ్మినిస్ట్రేటర్ డ్యూటీ, ఈఎస్‌ఎస్ అడ్మినిస్ట్రేటర్ అనే రోల్స్ (ఈఎస్‌ఎస్ అంటే ఫ్యూజన్ జాబ్‌ల షెడ్యూలర్) ఉన్న ఒక ప్రత్యేక యూజరు కావాలి. మనిషి ఖాతా వాడొద్దు. ఆ యూజరు పాస్‌వర్డ్ గడువు ఎప్పుడు తీరుతుందో క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ‘నిన్నటిదాకా నడిచింది, ఈ రోజు ఆగింది’ అనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది అదే. స్టోరేజ్‌కి ఓసీఐ బకెట్ (ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో ఫైళ్లు దాచే డబ్బా) మేలు. బీఐసీసీ కాన్ఫిగరేషన్‌లో హోస్టు, టెనెన్సీ ఐడీ, యూజర్ ఐడీ, నేమ్‌స్పేస్, బకెట్ పేరు ఇచ్చి, అక్కడే సైనింగ్ కీ పుట్టించి, పబ్లిక్ కీని ఎక్స్‌పోర్ట్ చేసి ఓసీఐ యూజరుకి జోడించి, టెస్ట్ కనెక్షన్ నొక్కాలి. హోస్టు బకెట్ ఉన్న రీజియన్‌దే అయి ఉండాలి. బకెట్ హైదరాబాద్‌లో పెట్టి ముంబై హోస్టు రాస్తే ఎంతసేపు చూసినా కలవదు.

పీవీఓ ఎంపికలోనే సగం పని ఉంది. ఒకే విషయానికి రెండు రకాల పీవీఓలు జాబితాలో కనబడతాయి. కొన్ని ఓటీబీఐ రిపోర్టుల కోసం కట్టినవి, వాటిలో జాయిన్‌లు గుట్టలుగా ఉంటాయి. మరికొన్ని ఎక్స్‌ట్రాక్షన్ కోసమే చేసినవి, పేరు చివర ‘ఎక్స్‌ట్రాక్ట్ పీవీఓ’ అని ఉంటుంది. రెండోవే తీసుకోండి. ఏ పీవీఓ కాలమ్ ఏ టేబుల్లోంచి వస్తుందో చెప్పే మ్యాపింగ్ షీట్లను ఒరాకిల్ డాక్యుమెంటేషన్‌లో ఇస్తుంది. ఈబీఎస్ టేబుళ్లు నోటికొచ్చినవాళ్లకి అది నిఘంటువు. కాలమ్‌లన్నీ టిక్ పెట్టే అలవాటు మానుకోవాలి. వాడని కాలమ్ తీసేస్తే, దాని కోసమే వచ్చే జాయిన్ కూడా పోయే అవకాశం ఉంది, వేగం అక్కడే దొరుకుతుంది. డిస్క్రిప్టివ్ ఫ్లెక్స్‌ఫీల్డ్ (సంస్థ తానే చేర్చుకునే అదనపు ఫీల్డు) కాలమ్ కనబడటం లేదంటే ముందు ఆ సెగ్మెంట్‌కి బీఐ ఎనేబుల్డ్ టిక్ ఉందో లేదో చూడండి.

మొదటి లోడు ఒక్క దెబ్బలో చేయాలనుకోవద్దు. జనరల్ లెడ్జర్ లైన్ల లాంటి పెద్ద పీవీఓని విడిగా ఒక జాబ్‌లో, రద్దీ లేని వేళ నడపండి. ఇనిషియల్ ఎక్స్‌ట్రాక్ట్ డేట్ పెట్టుకుంటే అక్కర్లేని పాత ఏళ్లు రావు.

తర్వాతి రోజు నుంచి ఇంక్రిమెంటల్, అంటే మారినవి మాత్రమే. ఇక్కడ ప్రూన్ టైమ్ అనే అంకె ఒకటుంది, మామూలుగా 1,440 నిమిషాలు. అంటే చివరిసారి తీసిన సమయానికి ఒక రోజు వెనక్కి వెళ్లి మళ్లీ తీస్తుంది. పొడవుగా నడిచే ట్రాన్సాక్షన్ ఏదైనా రాత్రి 11 గంటల స్టాంపుతో మొదలై మీ ఎక్స్‌ట్రాక్ట్ అయ్యాక కమిట్ అయితే (డేటాబేస్‌లో ఖరారైతే), అది జారిపోకుండా ఈ వెనకడుగు. దీని ఫలితంగా నిన్న వచ్చిన వరుసలే ఈ రోజూ వస్తాయి. అవతల ఇన్‌సర్ట్ చేస్తే రెట్టింపవుతాయి, కీ మీద మెర్జ్ (ఉన్నదాన్ని మార్చి, లేనిదాన్ని చేర్చడం) చేయాల్సిందే. డూప్లికేట్లు వస్తున్నాయని ప్రూన్‌ని సున్నా చేసేవాళ్లున్నారు. డూప్లికేట్లు పోతాయి, వాటితో పాటు కొన్ని అసలు వరుసలూ పోతాయి.

ఫైళ్ల వెంట మానిఫెస్ట్ (ఫైళ్ల జాబితా) వస్తుంది. యూసీఎంలో అయితే ఒక్కో లైనులో జిప్ ఫైలు పేరు, సెమీకోలన్, డాక్యుమెంట్ ఐడీ, సెమీకోలన్, ఎండీ5 విలువ (ఫైలు చెడలేదని సరిచూసే కోడు). మానిఫెస్ట్ పడిందంటేనే ఆ జాబ్ ఫైళ్లు పూర్తయినట్టు. ముందు దాన్ని తీసుకుని, అందులో ఉన్నవాటినే దించి, ఎండీ5 సరిచూసి, లోడయ్యాక యూసీఎంలోంచి చెరిపేయాలి. ఇంకో మెలిక: బీఐసీసీ తన వంతు ఫైలు రాసేసి చివరి తేదీని ముందుకు జరుపుకుంటుంది. మీ వైపు లోడు విరిగిందా లేదా దానికి తెలియదు. సోమవారం ఫైలు పాడై, మంగళవారం ఫైలు మాత్రం ఎక్కిస్తే, సోమవారం మార్పుల్లో ప్రూన్ కిందకి రానివి గల్లంతు. మానిఫెస్ట్‌లు వచ్చిన వరుసలోనే, ఒక్కటీ దాటకుండా ఎక్కించాలి.

సీఎస్‌వీలో ఇంకొన్ని ముళ్లున్నాయి. ఇన్‌వాయిస్ డిస్క్రిప్షన్‌లో ఎవరో ఎంటర్ కొట్టి ఉంటారు. కోట్స్ లోపల లైను తెగుతుంది, కాబట్టి ఫైల్లో లైన్లు లెక్కబెట్టి వరుసల సంఖ్య అనుకోవద్దు. టైమ్ స్టాంపులు యూటీసీలో ఉంటాయి. హైదరాబాద్‌లో ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకి చేసిన జర్నల్‌కి మార్చి 31 రాత్రి 8:30 అని పడుతుంది. క్రియేషన్ డేట్ మీద ఆర్థిక సంవత్సరం విడగొట్టే రిపోర్టు తప్పు చెప్తుంది, అకౌంటింగ్ డేటే వాడాలి.

ఇక డిలీట్‌లు. బీఐసీసీ ప్రాజెక్టుల్లో చివరిదాకా ఎవరూ తలచుకోని సంగతి ఇదే. పోస్ట్ చేయని జర్నల్‌ని ఎవరో చెరిపేశారు. చెరిగిన వరుసకి అప్‌డేట్ తేదీ ఉండదు, కాబట్టి ఇంక్రిమెంటల్‌కి అది కనబడదు. వేర్‌హౌస్‌లో ఆ జర్నల్ దెయ్యంలా బతికే ఉంటుంది. దీనికి ప్రైమరీ కీ ఎక్స్‌ట్రాక్ట్ అనే జాబ్ రకం ఉంది. అది మొత్తం డేటా తేకుండా, ఇప్పుడు ఉన్న వరుసల కీలు మాత్రమే తెస్తుంది, ఫైలు ఎక్స్‌టెన్షన్ పీఈసీఎస్‌వీ. వేర్‌హౌస్‌లో ఉండి ఈ జాబితాలో లేనివి చెరిగిపోయినవి. పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: కీల జాబ్ మొదలైన సమయానికి ముందు పుట్టిన వరుసల్నే పోల్చాలి. లేకపోతే ఆ తర్వాత పుట్టి ఇంక్రిమెంటల్‌లో వచ్చిన కొత్త ఇన్‌వాయిస్‌లు కీల జాబితాలో లేవని చెరిగిపోయినవాటి ఖాతాలో పడతాయి. మామూలు రోజుల్లో వారానికోసారి, పుస్తకాలు మూసే వారంలో రోజూ నడిపితే చాలు.

లోపాలు చెప్పాలంటే, ఇది నిమిషాల మీద తాజా డేటా కావాల్సినవాళ్లకి కాదు. గంటకోసారి నడపొచ్చు కానీ ఫ్యూజన్‌లోని మిగతా జాబ్‌లతో పోటీ పడుతుంది. కొన్ని పీవీఓల్లో ఇంక్రిమెంటల్ షరతు నాలుగైదు టేబుళ్ల అప్‌డేట్ తేదీల మీద ‘లేదా’తో నడుస్తుంది, అలాంటివి ఫుల్ లోడంత సేపు తింటాయి. ప్రొడక్షన్ నుంచి టెస్ట్‌కి కాపీ తెచ్చుకున్న ప్రతిసారీ స్టోరేజ్ కనెక్షన్, చివరి తేదీ మళ్లీ చూసుకోవాలి, టెస్ట్ ఫైళ్లు ప్రొడక్షన్ బకెట్‌లో పడితే ఏరుకోవడం నరకం. మూడు నెలలకోసారి వచ్చే ఒరాకిల్ అప్‌డేట్‌కి ముందు టెస్ట్‌లో మీ పీవీఓలన్నీ ఒకసారి నడిపి కాలమ్‌ల సంఖ్య పోల్చండి.

హెచ్‌ఆర్ వైపు

పేరోల్ వెండర్‌కో, బీమా సంస్థకో ఉద్యోగుల ఫైలు పంపాలంటే హెచ్‌సీఎం ఎక్స్‌ట్రాక్ట్స్ సరైనవి. ఎఫెక్టివ్ డేట్లు (మార్పు అమల్లోకి వచ్చే తేదీలు) వాటికి అర్థమవుతాయి, మారినవాటినే పంపే వెసులుబాటు ఉంది, పీజీపీ ఎన్‌క్రిప్షన్‌తో తాళమేసి ఎస్‌ఎఫ్‌టీపీ ఫైల్ సర్వరుకి పంపగలవు. కొత్తవాళ్లకి డేటాబేస్ ఐటమ్‌లు, యూజర్ ఎంటిటీలు (ఎక్స్‌ట్రాక్ట్ కట్టే ఫీల్డులు, వాటి గుంపులు) తలనొప్పే. ఒకసారి కట్టాక ఏళ్ల తరబడి నడుస్తాయి.

ఒక మధ్యస్థ సంస్థకి మేం చెప్పే కూర్పు

రాత్రి 1 గంటకి బీఐసీసీ ఇంక్రిమెంటల్, ఆదివారం ప్రైమరీ కీ జాబ్. పోర్టల్‌కి రెస్ట్. అకౌంట్స్ వాళ్లకి ఓటీబీఐ. ముందు చెప్పిన బీఐ పబ్లిషర్ ఉద్యోగం ఏమిటంటే, కాపలా. రోజూ పొద్దున ఒక చిన్న క్వెరీ: లెడ్జర్ వారీగా, పీరియడ్ వారీగా జీఎల్ జేఈ లైన్స్‌లో (జర్నల్ లైన్ల టేబుల్) ఎన్ని వరుసలు, డెబిట్ మొత్తం ఎంత, క్రెడిట్ మొత్తం ఎంత. షరతు ఒక్కటే, ల్యాస్ట్ అప్‌డేట్ డేట్ రాత్రి ఎక్స్‌ట్రాక్ట్ మొదలైన సమయం కంటే ముందు ఉండాలి. వంద వరుసల ఫలితం, ఏ హద్దూ తగలదు. అదే లెక్క, అదే షరతుతో వేర్‌హౌస్‌లో తీసి పక్కపక్కన పెట్టండి. ఎక్స్‌ట్రాక్ట్ తర్వాత మళ్లీ ముట్టుకున్న వరుసలు ఫ్యూజన్ వైపు లెక్కలోంచి జారిపోతాయి కాబట్టి ఓపెన్ పీరియడ్‌లో చిన్న తేడా మామూలే, మర్నాటికి సర్దుకుంటుంది. వేర్‌హౌస్‌లో వరుసలు ఎక్కువగా ఉండి, ఆ తేడా రోజులు గడిచినా కదలకపోతే చెరిగిన జర్నల్. వరుసలు రెట్టింపైతే ఎక్కడో మెర్జ్ బదులు ఇన్‌సర్ట్ జరిగింది. తక్కువైతే దాటేసిన మానిఫెస్ట్ కోసం వెతకండి.